సీరియం, దాని నాలుగో ఎలక్ట్రాను

హనుమకొండలో బీఎస్సీ రెండో సంవత్సరం చదివే అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: "లాంథనైడ్లన్నీ +3 స్థితిలోనే ఉంటాయని చెప్పి, ఆ వెంటనే సీరియం +4 కూడా చూపిస్తుందని రాశారు. కారణం 'జడవాయు విన్యాసం' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అంతేనా సార్? సిగరెట్ లైటర్‌లో ఉండే రాయి సీరియమేనని మా తాత అంటాడు, నిజమా? ఇది అంత అరుదైన లోహమైతే వరంగల్‌లో ఎక్కడైనా కంటితో చూడగలనా?"

మీ తాత చెప్పింది సగం నిజం బిడ్డా. మీ పుస్తకం చెప్పిందీ సగమే నిజం. ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు ఈ పాఠం చెప్పాను. మొదటి పదేళ్లు నేనూ ఆ ఒక్క ముక్కతోనే దాటేశాను, కాబట్టి పుస్తకాన్ని మరీ తిట్టను.

ముందు 'అరుదు' అన్న మాట సంగతి చూద్దాం. భూమి పైపొరలో టన్ను రాయి తీసుకుంటే అందులో సగటున 60 గ్రాముల పైచిలుకు సీరియం ఉంటుంది. రాగి కూడా దాదాపు అంతే. సీసం అంతకన్నా తక్కువ. బంగారమైతే కొన్ని మిల్లీగ్రాములే. కరీంనగర్ నుంచి లారీల మీద పోయే గ్రానైట్ దిమ్మెల్లో కూడా లేశమాత్రంగా సీరియం ఉంటుంది. మరి సీరియాన్ని, దాని జాతి లోహాలను విరళ మృత్తికలు, అంటే అరుదైన మట్టి, అని ఎందుకన్నారు? పాతకాలం రసాయన శాస్త్రవేత్తలు వేడికి కరగని, నీటిలో కలవని ఆక్సైడ్లను మట్టి అనేవాళ్లు. ఈ మట్టి మొదట స్వీడన్‌లో ఒకటి రెండు గనుల్లోనే దొరికింది కాబట్టి 'విరళం' అని ముందర తగిలించారు. తర్వాత ప్రపంచమంతా దొరికినా పేరు మాత్రం పోలేదు.

అసలు కష్టం దొరకడంలో లేదు, విడదీయడంలో ఉంది. లాంథనం నుంచి లుటీషియం దాకా ఉన్న పదిహేను మూలకాలే లాంథనైడ్లు. ప్రకృతిలో దాదాపు దొరకని ప్రొమీథియం తప్ప మిగతావన్నీ ఒకే ఖనిజంలో కలిసే ఉంటాయి. అన్నీ మూడేసి ఎలక్ట్రాన్లు వదిలేసి +3 అయాన్లవుతాయి. వాటి మధ్య తేడా అంతా సైజులోనే. లాంథనం అయాన్ వ్యాసార్ధం 103 పికోమీటర్లు (పికోమీటరు అంటే మీటరులో లక్ష కోట్ల వంతు), చివర ఉన్న లుటీషియానిది 86. మధ్యలో మెట్టుకు ఒక పికోమీటరు, కాస్త అటూ ఇటూ తగ్గుతూ పోతుంది. మీరు చదివే లాంథనైడ్ సంకోచం ఇదే. తెలంగాణ సోనా, బీపీటీ బియ్యం ఒకే సంచిలో కలిపి పోసి, చేట ఇచ్చి వేరు చేయమంటే ఎట్లా ఉంటుందో అట్లా. రాళ్లయితే ఏరేయొచ్చు, మట్టయితే చెరగొచ్చు. గింజా గింజా ఒకే తీరుగా ఉంటే చేట ఏం చేస్తుంది? చార్లెస్ జేమ్స్ అనే రసాయన శాస్త్రవేత్త 1911 నాటికి థూలియం లవణాన్ని శుద్ధి చేయడానికి దాదాపు 15,000 సార్లు స్ఫటికీకరణ చేశాడు. చదువుతుంటేనే చేతులు నొప్పి పుడతాయి.

ఈ పదిహేను మందిలో చేటకు దొరికే గింజ సీరియం. దానికి కారణం నువ్వు అడిగిన నాలుగో ఎలక్ట్రానే.

సీరియం పరమాణు సంఖ్య 58. దాని ఎలక్ట్రాన్ విన్యాసంలో జీనాన్ అనే జడవాయువుది లాంటి గర్భానికి బయట నాలుగు ఎలక్ట్రాన్లుంటాయి: 4ఎఫ్‌లో ఒకటి, 5డీలో ఒకటి, 6ఎస్‌లో రెండు. నాలుగూ పోతే మిగిలేది జీనాన్ విన్యాసం. పుస్తకం ఇక్కడికి వచ్చి 'స్థిరమైన విన్యాసం కాబట్టి +4' అని ఆగిపోతుంది. విన్యాసం స్థిరమైనదైతే కావచ్చు, కానీ అక్కడికి చేరడానికి ఎంత ఖర్చవుతుందో కూడా చూడాలి కదా? సీరియం మొదటి మూడు అయనీకరణ శక్తులు కలిపితే మోలుకు సుమారు 3,530 కిలోజౌళ్లు. నాలుగో ఎలక్ట్రాన్ ఒక్కదాన్ని తీయడానికి 3,547. అంటే మూడింటికి అయిన ఖర్చంతా నాలుగోది ఒక్కటే మింగుతుంది. ఒంటరిగా ఉన్న సీరియం పరమాణువు 'జీనాన్ లాగా అయిపోతే బాగుండు' అని ఎలక్ట్రాన్‌ను దానం చేస్తుందని మాత్రం ఎప్పుడూ అనుకోకు. జడవాయు విన్యాసం చెప్పేది ఒక్కటే: అయిదో ఎలక్ట్రాన్ జోలికి పోవద్దని.

మరి ఆ 3,547 ఎవరు కడతారు? చుట్టూ ఉన్నవాళ్లు కడతారు. ఘన పదార్థంలో అయితే ఆక్సైడ్ అయాన్లు. +4 ఆవేశం, 87 పికోమీటర్ల చిన్న వ్యాసార్ధం. అంత గట్టి ఆవేశం అంత చిన్నచోట ఉంటే చుట్టూ ఎనిమిది ఆక్సిజన్లు బలంగా అతుక్కుంటాయి, అప్పుడు విడుదలయ్యే శక్తి, అంటే జాలక శక్తి, ఆ ఖర్చును తీరుస్తుంది. నీళ్లలో అయితే నీటి అణువులు, ఆమ్లం నుంచి వచ్చిన నైట్రేట్, సల్ఫేట్ అయాన్లు ఆ పని చేస్తాయి.

ఇప్పుడు అటూ ఇటూ ఉన్న పొరుగువాళ్లను చూడు. లాంథనానికి నాలుగో ఎలక్ట్రాన్ తీయాలంటే జీనాన్ గర్భాన్నే పగలగొట్టాలి, 4,819 కిలోజౌళ్లు కావాలి. అందుకే ఆ మాటే లేదు. ప్రేసియోడిమియానికి 3,761. సీరియం కన్నా రెండు వందల పైచిలుకే ఎక్కువ. అయినా ఆ కాస్త తేడాతోనే కథ మారిపోతుంది. ప్రేసియోడిమియం ఘన ఆక్సైడ్‌లో +4కి వెళ్లగలదు, దాని నల్లని ఆక్సైడ్ అట్లాంటిదే. నీళ్లలో మాత్రం నిలవలేదు, నీటినే ఆక్సీకరించేసి వెనక్కి +3కి వచ్చేస్తుంది. కేంద్రకంలో ప్రోటాన్లు పెరిగే కొద్దీ 4ఎఫ్ ఎలక్ట్రాన్లు లోపలికి, ఇంకా లోతుకు దిగిపోతాయి, చేతికి అందవు. సీరియం వరసలో మొదట్లోనే ఉంది కాబట్టి దాని 4ఎఫ్ ఎలక్ట్రాన్ ఇంకా అంచుమీదే ఉంది. పరీక్షలో అడిగితే 'జడవాయు విన్యాసం'తో పాటు ఈ రెండు కారణాలు కూడా రాయి: వరస మొదట్లో 4ఎఫ్ శక్తి ఎక్కువగా ఉండటం, +4 అయాన్‌కు జాలక, జలయోజన శక్తులు దన్నుగా నిలవడం. యూరోపియం, యిటెర్బియం +2కి పోవడం సగం నిండిన, పూర్తిగా నిండిన 4ఎఫ్ కథ. అది వేరే రోజు చెప్పుకుందాం.

ఇందులో ఇంకో మెలిక ఉంది, తెలివైన పిల్లలు అడిగేది. సీరియం +4 నుంచి +3కి దిగే క్షయకరణ పొటెన్షియల్, అంటే ఎలక్ట్రాన్‌ను లాక్కునే బలం, ఏ ఆమ్లంలో ఉందన్న దాన్నిబట్టి 1.44 నుంచి 1.7 వోల్టుల దాకా ఉంటుంది. సల్ఫ్యూరిక్ ఆమ్లంలో తక్కువ, పెర్క్లోరిక్‌లో ఎక్కువ. నీటిని ఆక్సీకరించడానికి 1.23 చాలు. లెక్క ప్రకారం సీరియం +4 కూడా నీళ్లను ఆక్సిజన్‌గా మార్చేసి తాను +3 అయిపోవాలి. కానీ ఆ చర్య ఎంత నెమ్మదంటే, ఆమ్లంలో కలిపి పెట్టిన ద్రావణం నెలల తరబడి చెడిపోకుండా ఉంటుంది. లెక్క జరుగుతుందంటుంది, వేగం జరగనివ్వదు. ఉష్ణగతికం వేరు, చర్యావేగం వేరు అని మా పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇక తాత లైటర్ దగ్గరికొద్దాం. వంటింట్లో గ్యాస్ పొయ్యికి టిక్ టిక్‌మని కొట్టే లైటర్‌లో సీరియం ఉండదు. అందులో ఉండేది ఒత్తితే విద్యుత్తు పుట్టే పీజో స్ఫటికం. తాత అన్నది చక్రం తిప్పే లైటర్ అయితే ఆయన మాట కరెక్టు, కానీ అందులో ఉన్నది రాయి కాదు, లోహం. సీరియం, లాంథనం, వాటి తోబుట్టువుల మిశ్రమాన్ని విడదీయకుండా అట్లాగే కరిగించి, దానికి సుమారు మూడో వంతు ఇనుము కలిపి గట్టిపరిచిన చిన్న కడ్డీ ముక్క అది. 1903లో ఆస్ట్రియాకు చెందిన కార్ల్ ఆవర్ ఫన్ వెల్స్‌బాఖ్ పేటెంట్ తీసుకున్నాడు. ఇనుము ఎందుకంటే, ఒట్టి సీరియం కత్తితో కోస్తే తెగేంత మెత్తన. చక్రం గీకితే సాగిపోతుంది తప్ప పొడిపొడిగా రాలదు. ఇనుము కలిస్తే పెళుసుగా మారుతుంది. రాలిన పొడి గాలిలో 150, 180 డిగ్రీల దగ్గరే అంటుకుంటుంది, గీకిన వేడే దానికి చాలు. ఒక మోలు సీరియం డయాక్సైడ్ తయారైతే సుమారు 1,090 కిలోజౌళ్ల వేడి బయటికొస్తుంది. ఆ వేడికే రవ్వ తెల్లగా మెరుస్తుంది.

మన పెద్దల చెకుముకి రాయికి, దీనికి ఉన్న తేడా చూడు. చెకుముకిలో రాయి గట్టిది, ఇనుము దాని మీద అరిగి, అరిగిన ఇనుప పొడి మండుతుంది. లైటర్‌లో ఇనుప చక్రం గట్టిది, 'రాయి' అని మనం పిలిచేది అరిగి మండుతుంది. పేరు రాయిదే, పాత్రలు మాత్రం తారుమారు.

వెల్స్‌బాఖ్ పేరు ఎత్తాను కాబట్టి గ్యాస్ లైటు సంగతి చెప్పకుండా ఉండలేను. మా చిన్నప్పుడు పరకాల దిక్కు మా ఊర్లో చిందు భాగోతం ఆడినా, పెండ్లి బరాత్ తీసినా పెట్రోమాక్స్ లైట్లే. నాన్న కొత్త మ్యాంటిల్ కట్టేటప్పుడు పక్కన కూర్చుని చూసేవాణ్ని. మొదట మెత్తని గుడ్డ జాలీ. ఒకసారి అంటించగానే గుడ్డ కాలిపోయి, తెల్లని బూడిద గూడు మిగులుతుంది. వేలు తగిలితే రాలిపోతుంది, అందుకే మమ్మల్ని ముట్టనిచ్చేవాళ్లు కాదు. ఆ గూడు థోరియం ఆక్సైడ్ 99 పాళ్లు, సీరియం ఆక్సైడ్ 1 పాలు. 1891లో వెల్స్‌బాఖ్ కుదిర్చిన పాళ్లవి. థోరియం ఆక్సైడ్ వేడికి కరగదు, వేడిని పరారుణ కిరణాలుగా ఎక్కువ పోగొట్టుకోదు కాబట్టి మంటలో బాగా వేడెక్కుతుంది. కానీ ఒక్కటే ఉంటే వెలుగు అంతంతమాత్రమే. ఆ ఒక్క పాలు సీరియం కంటికి కనిపించే వెలుగునిస్తుంది. సీరియం ఇంకా కలిపితే వెలుగు పెరగాలి కదా అనిపిస్తుంది, కానీ తగ్గుతుంది. ఎక్కువైతే వేడి కూడా ఎక్కువ పారేసుకుని గూడు చల్లబడుతుంది. కూరలో ఉప్పు లాంటి లెక్క. థోరియం రేడియోధార్మిక మూలకం, కాబట్టి పాత మ్యాంటిల్ ఎక్కడైనా దొరికితే ఆ బూడిద ఊదకు, పీల్చకు. ఇప్పుడు చాలాచోట్ల థోరియం బదులు యిట్రియం వాడుతున్నారు.

పేరు గురించి ఒక చిన్న ముచ్చట. 1801 జనవరి 1న ఇటలీలో పియాజ్జి అనే ఖగోళ శాస్త్రవేత్త సిరీస్ అనే గ్రహశకలాన్ని కనిపెట్టాడు. సిరీస్ అంటే రోమన్ల పంటల దేవత. రెండేళ్లకు, 1803లో, స్వీడన్‌లో బెర్జీలియస్, హిసింగర్ ఈ కొత్త మట్టిని గుర్తించి ఆ పేరే పెట్టారు. అదే ఏడు జర్మనీలో క్లాప్రోత్ కూడా విడిగా కనిపెట్టాడు. నిజానికి వాళ్ల చేతిలో ఉన్నది ఒక్క సీరియం కాదు, కలగూరగంప. 1839లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త మొసాండర్ ఆ మట్టి నుంచి చేసిన నైట్రేట్‌ను కాల్చి, వచ్చిన ఆక్సైడ్‌ను సజల నైట్రిక్ ఆమ్లంలో వేశాడు. +4కి మారిన సీరియం అడుగున ఉండిపోయింది, +3 దాటలేని లాంథనం కరిగి బయటపడింది. చేటకు దొరికే గింజ అన్నానే, అది ఇదే. ఇవాళ్టికీ ఫ్యాక్టరీలో సూత్రం ఇంతే. మన దేశంలో దీని ముఖ్య ఖనిజం మోనజైట్, అంటే థోరియంతో కలిసిన విరళ మృత్తికల ఫాస్ఫేట్. కేరళలో చవర, ఒడిశాలో ఛత్రపూర్, ఆంధ్రలో భీమిలి తీరపు ఇసుకల్లో ఉంది. దాన్ని కాస్టిక్ సోడాతో ఉడికిస్తే ఫాస్ఫేట్ నీళ్లలోకి పోతుంది, హైడ్రాక్సైడ్లు మిగులుతాయి. వాటిని గాలిలో వేడిచేసి ఆరబెడితే సీరియం ఒక్కటే +4కి మారి, పలుచని ఆమ్లానికి లొంగకుండా మిగిలిపోతుంది. మిగతావాటిని విడదీయడానికి మాత్రం వరసగా వందల అంచెల ద్రావణి నిష్కర్షణ కావాలి.

లోహంగా చూస్తే సీరియం ఉక్కు బూడిద రంగులో మెరుస్తుంది. సుమారు 795 డిగ్రీలకే కరుగుతుంది, మరగాలంటే 3,400 దాటాలి. దాని క్షయకరణ పొటెన్షియల్ -2.34 వోల్టులు, మెగ్నీషియానికి దగ్గర దగ్గర. చల్లని నీటితో నెమ్మదిగా, వేడి నీటితో జోరుగా చర్య జరిపి హైడ్రోజన్ ఇస్తుంది. ఇక్కడ ఒక మాట: నీళ్లలో వేయగానే పేలిపోయే వీడియోలు చూసి అదే ఇది అనుకునేవాళ్లున్నారు. అది సీజియం. ఒక్క అక్షరం తేడా, స్వభావంలో నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా. అయినా మండుతున్న సీరియం మీద నీళ్లు పోయొద్దు, హైడ్రోజన్ పుడుతుంది. పొడి ఇసుక వేయాలి.

అల్యూమినియం కూడా గాలిలో ఆక్సైడ్ పొర కట్టుకుంటుంది, కానీ ఆ పొర గట్టిగా అంటుకుని లోపలి లోహాన్ని కాపాడుతుంది. సీరియం ఆక్సైడ్ పొర పొరకలుగా రాలిపోతుంది, లోపలి లోహం మళ్లీ గాలికి ఎదురవుతుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కాలేజీ స్టోర్‌రూమ్‌లో నూనెలో ముంచిన సీరియం ముక్క ఉండేది. వేసవి సెలవుల్లో సీసా మూత వదులై నూనె ఇంకిపోయింది, ఎవరూ పట్టించుకోలేదు. మరుసటి ఏడు తీసి చూస్తే ముక్క చాలావరకు మాసిన పొడి అయిపోయింది. రిజిస్టర్‌లో మాత్రం 'సీరియం లోహం, ఒకటి' అనే ఉంది. స్టాక్ చెకింగ్‌కు వచ్చినాయన పొడిని చూసి "లోహమేది?" అని అడిగితే ఏం చెప్పాలో తెలియక నాకు టెన్షన్ పుట్టింది.

ఈ లోహానికి ఉన్న వింతల్లో నాకు బాగా నచ్చినది ఒకటుంది. గది ఉష్ణోగ్రత దగ్గర దాన్ని వాతావరణ పీడనానికి సుమారు ఎనిమిది వేల రెట్ల పీడనంతో నొక్కితే, ఒక్కసారిగా ఘనపరిమాణం 15 శాతం దాకా కుంచించుకుపోతుంది. కరగదు, స్ఫటిక నిర్మాణం కూడా మారదు, అదే అమరికలో పరమాణువులు చిన్నవవుతాయి. అంచుమీద ఉందని చెప్పిన ఆ 4ఎఫ్ ఎలక్ట్రాన్ స్వభావం మారడం వల్లే ఇది జరుగుతుందని అందరూ ఒప్పుకుంటారు, సరిగ్గా ఎట్లా మారుతుందన్న దాని మీద భౌతిక శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

ఇక వరంగల్‌లో ఎక్కడ చూడాలన్నావు. మొదట మీ ల్యాబ్‌లోనే చూడు. అలమారలో సీరిక్ అమ్మోనియం నైట్రేట్ అని రాసిన సీసా ఉంటే తీయించు. ముదురు నారింజ స్ఫటికాలు, ఆ రంగు +4ది. +3 ద్రావణానికి రంగు ఉండదు. ఫెర్రస్ లవణాన్ని ఫెర్రోయిన్ సూచికతో అంశమాపనం (టైట్రేషన్) చేస్తే, నారింజ ఎరుపు ఒక్క చుక్కతో లేత నీలంలోకి తిరుగుతుంది. పర్మాంగనేట్ లాగా ఇది మధ్య మధ్య ఆక్సీకరణ స్థితుల్లో ఆగి తికమక పెట్టదు, ఒక్క ఎలక్ట్రాన్ అటు నుంచి ఇటు, అంతే. హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉన్నచోట కూడా పనికొస్తుంది. ఒకే షరతు: ఆమ్లం తక్కువ కాకూడదు. ఒక బ్యాచ్ పిల్లలు ద్రావణాన్ని ఒట్టి నీళ్లతో పలుచన చేశారు. సీరియం +4 జలవిశ్లేషణ చెంది, పసుపు మడ్డి లాగా తేలి, బ్యూరెట్ మూతి మూసుకుపోయింది. ఆ రోజు ప్రాక్టికల్ అంతటితో సరి.

తర్వాత అద్దాలు, కళ్లద్దాలు సానబెట్టే షాపులో అడుగు. లేత గులాబీ మట్టి రంగు పొడి చూపిస్తారు. సీరియం ఆక్సైడ్ శుద్ధమైనదైతే లేత పసుపు, ఆ గులాబీ రంగు అందులో మిగిలిపోయిన ప్రేసియోడిమియందే. అది గాజును గీకి నున్నగా చేస్తుందనుకోకు. నీళ్ల సమక్షంలో గాజు పైపొరలోని సిలికాతో రసాయన బంధం పెట్టుకుని పొరను లాగేస్తుంది. అందుకే దానికన్నా గట్టి పొడులు కూడా ఇవ్వలేని మెరుపు ఇస్తుంది.

మూడోది చూడలేవు, కానీ రోజూ నీ పక్కనే ఉంటుంది. ఈమధ్య బైకుల సైలెన్సర్‌లో ఉండే ఉత్ప్రేరక పెట్టెలో ప్లాటినం జాతి లోహాలకు తోడుగా సీరియం ఆక్సైడ్ ఉంటుంది. పొగలో ఆక్సిజన్ తగ్గినప్పుడు సీరియం +4 నుంచి +3కి దిగి తన ఆక్సిజన్ ఇచ్చేస్తుంది, దాంతో కార్బన్ మోనాక్సైడ్ డయాక్సైడ్‌గా మారుతుంది. ఆక్సిజన్ ఎక్కువైనప్పుడు మళ్లీ పీల్చుకుని +4 అవుతుంది. యాక్సిలరేటర్ తిప్పినప్పుడల్లా, వదిలినప్పుడల్లా ఆ నాలుగో ఎలక్ట్రాన్ వచ్చి పోతుంటుంది. కాజీపేట చౌరస్తాలో సిగ్నల్ దగ్గర నిలబడితే నీ చుట్టూ ఎన్ని బండ్లుంటే అన్నిచోట్ల అదే పని జరుగుతుంటుంది.